పైలట్‌కి చెప్పకూడని సంగతి

మారుమూల లోయల నుంచి చిన్న విమానంలో పేషెంట్లని తెచ్చే మా బేస్‌లో ఒక రూల్ ఉంది. రేడియోలో పేషెంట్ గురించి నేను ఏం విన్నా పైలట్‌కి చెప్పకూడదు. ఏ స్ట్రిప్‌కి, అంటే విమానం దిగే ఏ గడ్డినేలకి వెళ్లాలి, అక్కడ ఎక్కేవాళ్ల మొత్తం బరువెంత, స్ట్రెచర్ కావాలా, ఆక్సిజన్ కావాలా. ఇంతవరకే కాగితం మీద రాసి చేతికివ్వాలి. పాము కరిచిందా, కాన్పు కష్టమైందా, చెట్టు మీంచి పడ్డాడా, పసిబిడ్డా ముసలాయనా, ఇవేవీ అందులో ఉండకూడదు. మొదట్లో బరువులు విడివిడిగా రాసేవాళ్లట. 'తొమ్మిది కిలోలు' అని కనిపిస్తే అది ఎవరో ఎవరికైనా అర్థమైపోతుంది కదా. అందుకని తల్లిదీ బిడ్డదీ కలిపి ఒకే అంకె వెయ్యడం మొదలుపెట్టారు.

చేరిన కొత్తలో ఇది నాకు మొరటు పద్ధతిగా అనిపించింది. ప్రాణం కాపాడ్డానికి వెళ్తున్న మనిషికి ఎవరి ప్రాణమో చెప్పకపోవడం ఏంటి? ఇప్పుడైతే, ఈ పనిలో ఉన్న రూల్స్ అన్నిట్లోకీ దయగల రూల్ ఇదేనని ఎవరితోనైనా వాదిస్తాను. మెడికల్ హెలికాప్టర్లు నడిపేవాళ్లలో కూడా చాలామంది ఇదే పాటిస్తారు.

ముందు నా సంగతి చెప్పాలి. మారుమూల ప్రాంతాలకి మందులూ నర్సులూ తీసుకెళ్లి పేషెంట్లని తెచ్చే చిన్న విమానాల దగ్గర వాలంటీర్‌గా చేస్తున్నానంటే అందరూ నన్ను పైలట్ అనుకుంటారు. కాదు. నేను ఫార్మసిస్ట్‌ని. తెల్లవారుజామున రేడియో ముందు కూర్చుంటాను, మందుల పెట్టెలు సర్దుతాను, విమానం ఎక్కే ప్రతి మనిషినీ ప్రతి మూటనీ కాటా మీద తూస్తాను. ఎక్కడ ఉన్నానో మాత్రం రాయను. ఇక్కడ లోయకొక స్ట్రిప్. ఏ స్ట్రిప్‌కి ఎప్పుడు విమానం వెళ్లిందో చెబితే అందులో ఎవరొచ్చారో ఆ లోయంతా చెప్పేస్తుంది. ఊరి పేరు రాసినా పేషెంట్ పేరు రాసినా ఒకటే. కింద చెప్పబోయే సంగతిలో కూడా కొన్ని వివరాలు మార్చాను.

కాటా గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, అది నా డిపార్ట్‌మెంటు కాబట్టి.

మాది సెస్నా 206. ఆరు సీట్లు, ఒకే ఇంజిన్. అన్నీ కలిపి 1,633 కిలోలు దాటితే టేకాఫ్ చెయ్యకూడదు. ఖాళీ విమానమే దాదాపు 1,000 కిలోలు ఉంటుంది. మిగిలిన ఆరొందల చిల్లరలో పైలట్, నర్సు, స్ట్రెచర్, ఆక్సిజన్ సిలిండర్, మందులు, పేషెంటు, ఇంధనం. ఇంధనం లీటరు 0.72 కిలోలు. గంటకి సుమారు 60 లీటర్లు తాగుతుంది. పోయిరావడానికీ, దారి మళ్లాల్సొస్తే ఉండాల్సిన నిల్వకీ కలిపి మూడు గంటలకి వేసుకున్నా 130 కిలోలు అక్కడే పోయాయి. ఇంకో డ్రమ్ము పోసుకుంటే సరిపోతుంది కదా అని కొత్తవాళ్లు అడుగుతారు. ఎక్కువ పోసుకుంటే మనిషిని దించాలి.

అది కూడా పాఠ్యపుస్తకం లెక్క. అసలు చిక్కు ఎత్తూ ఎండా కలిసినప్పుడు వస్తుంది. సముద్రమట్టానికి 5,000 అడుగుల ఎత్తున ఉన్న స్ట్రిప్‌లో లెక్క ప్రకారం 5 డిగ్రీలు ఉండాలి. పది గంటలకల్లా అక్కడ 25 డిగ్రీలు. గాలి పలచబడుతుంది. పెరిగిన ఒక్కో డిగ్రీకీ 120 అడుగుల చొప్పున వేసుకుంటే, విమానానికి ఆ స్ట్రిప్ 7,400 అడుగుల ఎత్తున ఉన్నట్టే. పలచటి గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో లేని ఇంజిన్ అయితే నాలుగో వంతుకి దగ్గరగా బలం పోగొట్టుకుంటుంది. రెక్కలకీ పట్టు తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కీ తగ్గుతుంది. పొద్దున ఆరింటికి నలుగురితో లేచిన విమానం అదే స్ట్రిప్ నుంచి పదకొండింటికి ఇద్దరితో కూడా లేవలేకపోవచ్చు. నేలా అదే, పైలట్టూ ఆవిడే.

ఇంక తూకం. మనుషులు బరువు చెప్పడానికి ఇష్టపడరు. చెప్పినా తక్కువే చెప్తారు. అందుకని అడగం, తూస్తాం. అంకె గట్టిగా చదవను, కాగితం మీద వేసుకుని ముందుకెళ్తాను. మూటలు వేరే తూస్తాను. కాటా మీద నిలబడేటప్పుడు సంచీ పక్కన పెట్టి, విమానం మెట్టు దగ్గర మళ్లీ భుజానికి తగిలించుకునే ఘనులుంటారు. ఎక్కువగా మా నర్సులే, పేషెంట్ల వాళ్లు కాదు. బరువెక్కువైతే ఒకర్ని దిగమనాలి. పేషెంటు దిగడు, పైలట్ దిగదు, నర్సు దిగదు. దిగేది ఎప్పుడూ తోడొచ్చిన మనిషే. 'మీ అమ్మతో మీరు వెళ్లడానికి వీల్లేదు' అని చెప్పే పని కూడా నాదే. ఈ పనికి ఏ ట్రైనింగూ లేదు.

స్ట్రిప్‌లంటారా, చాలావరకు కొండవాలు మీద గడ్డి చెక్కి చేసినవి. పాపువా న్యూ గినీ లాంటి కొండదేశాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఎత్తు వైపుకి దిగాలి, పల్లం వైపుకి లేవాలి. గాలి ఎటున్నా సరే, దారి ఒకటే. కిందికి వచ్చే దారిలో ఫలానా చెట్టో ఏటి ఒడ్డో గుర్తు పెట్టుకుంటారు. ఆ గుర్తు దాటాక ఇక మళ్లీ పైకి లేవడం ఉండదు, ఎదురుగా కొండే. అంటే నేల మీద పందులున్నాయా, పిల్లలు పరిగెత్తుకొస్తున్నారా, నిన్నటి వానకి మట్టి మెత్తబడిందా అన్నీ ఆ గుర్తుకి ముందే తేలిపోవాలి.

అందుకే రేడియోలో అడిగే పద్ధతి ఒకటుంది. 'వాతావరణం బాగుందా?' అని అడగకూడదు. ఇంట్లో మనిషి చావుబతుకుల్లో ఉన్నవాడు ఏమంటాడు? బాగుందనే అంటాడు. వాన పడుతున్నా బాగుందంటాడు. తప్పు అతనిది కాదు, ప్రశ్నది. 'ఏటికి అవతల ఎన్ని కొండలు కనిపిస్తున్నాయి? రెండో కొండ శిఖరం కనిపిస్తోందా, మధ్యలోనే తెగిందా?' అని అడగాలి. 'కర్ర నేలలో గుచ్చితే ఎంత లోతు దిగింది? వేళ్లతో కొలిచి చెప్పు' అనాలి. కనిపించేది చెప్పమంటే మనుషులు నిజమే చెప్తారు. మంచో చెడో తేల్చమంటే ఆశ చెప్తారు.

పైలట్‌కి ఏమీ చెప్పకపోవడం కూడా అందుకే.

ఒకరోజు మధ్యాహ్నం మూడు దాటాక పిలుపొచ్చింది. అవతల ఆరోగ్య కార్యకర్త, కుర్రాడు. గొంతు వణుకుతోంది. ఒకామె ముందు రోజు రాత్రి నుంచి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది, చెయ్యి బయటికొచ్చేసింది. వైద్యంతో కొంచెం పరిచయం ఉన్నా చాలు, దీని అర్థం తెలుస్తుంది. ఆపరేషన్ తప్ప దారి లేదు, అది అక్కడ లేదు. నేను కాగితం మీద రాసింది ఇది: స్ట్రిప్ పేరు, మొత్తం 104 కిలోలు, స్ట్రెచర్ కావాలి, ఆక్సిజన్ అక్కర్లేదు.

మా పైలట్ పెద్ద విమానాలు నడిపి రిటైరయిన ఆవిడ. కాగితం చూసింది, గడియారం చూసింది. "రెండో కొండ అడగండి" అంది. అడిగాను. రెండో కొండ కాదు, మొదటిదే సగం లేదు. మబ్బు బడి కప్పు దాకా దిగిందన్నాడు. పొద్దెక్కేకొద్దీ కొండవాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, మధ్యాహ్నం దాటితే లోయలన్నీ మూసుకుపోతాయి. ఇక్కడ రోజూ జరిగేదే ఇది. చీకటి పడితే దీపాల్లేని గడ్డి స్ట్రిప్‌లో దిగే ప్రశ్నే లేదు.

"రేపు పొద్దున వెలుతురు రాగానే" అని కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఇంధనం చూసుకోడానికి వెళ్లిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

నేను రేడియోలో చెప్పాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత అడిగాడు.

"మేడమ్, పైలట్‌గారికి విషయం చెప్పారా?"

"లేదు తమ్ముడూ."

"చెప్పండి మేడమ్. చెప్తే వస్తారు."

"అందుకే చెప్పను."

ఇంతకన్నా మెత్తగా ఎలా చెప్పొచ్చో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత రాత్రంతా పని నడిచింది. ఆస్పత్రి డాక్టర్ ఒకావిడ రేడియోలోకి వచ్చి, సెలైన్ ఎంత వేగంతో ఎక్కించాలి, పెట్టెలో ఏ యాంటీబయాటిక్ ఉంది, నొప్పులు నెమ్మదించడానికి ఏ మాత్ర వెయ్యాలి, ఎంతసేపటికోసారి నాడి చూడాలి అని ఒక్కొక్కటే అడిగీ చెప్పీ చేయించింది. ఈ పద్ధతి కొత్తదేం కాదు. ఆస్ట్రేలియాలో 1942 నుంచే మారుమూల ఇళ్లకి మందుల పెట్టెలు ఇచ్చేవాళ్లు. లోపల ప్రతి మందుకీ ఒక నంబరు. డాక్టర్ రేడియోలో నంబరు చెప్తే చాలు, పేరు పలకడం రాకపోయినా సరైన సీసా తీస్తారు. మేమూ మా పెట్టెలకి నంబర్లే వేస్తాం. ఆ రాత్రి మూడు మందుల పేర్లు రేడియోలో సగమే వినపడ్డాయి. నంబర్లు మాత్రం స్పష్టంగా వినిపించాయి.

పొద్దున వెలుతురు రాగానే విమానం వెళ్లింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ముందు రోజు సాయంత్రం వెళ్లుంటే దక్కేదా అని అందరూ అడిగారు. మా పిలుపు అందేసరికే బిడ్డ పోయి ఉండొచ్చని, ఖాయంగా మాత్రం చెప్పలేనని డాక్టర్ అంది.

పేషెంట్‌ని ఎక్కించేటప్పుడు పైలట్ ఎలాగూ చూస్తుంది కదా. తిరిగొచ్చాక టీ తాగుతూ అంది, "నిన్న నాకు తెలిసుంటే వెళ్లేదాన్ని. తిరిగొచ్చేదాన్నో లేదో."

ఆ మాట ఆవిడ గొప్పకి చెప్పలేదు, దిగులుగా కూడా చెప్పలేదు. ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చెప్పినంత మామూలుగా చెప్పింది. ఎన్నో వేల గంటలు నడిపిన మనిషి, తన మీద తనకి అంత నమ్మకం లేదని ఒప్పుకుంటోంది. బయటికొచ్చిన పసిబిడ్డ చెయ్యి తలలో తిరుగుతుంటే కొండ శిఖరం లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ మబ్బులోకి వెళ్లిన విమానం కొండని కొడితే పోయేది ఆవిడ ఒక్కత్తే కాదు. పక్కన నర్సు. వచ్చేటప్పుడైతే ఆ తల్లీ, తోడొచ్చిన చెల్లెలూ. పైగా చుట్టుపక్కల లోయలన్నిటికీ ఉన్నది ఆ ఒక్క విమానం. ఇంకొకటి వచ్చేదాకా ఎంతమంది కాన్పులు, ఎన్ని పాముకాట్లు? వాళ్లెవరి పేర్లూ ఆ రోజు రేడియోలో వినపడవు కాబట్టి వాళ్లు లెక్కలోకి రారు. కాగితం మీద పేషెంట్ గురించి ఏమీ రాయకపోతేనే వాళ్లకీ చోటు దొరుకుతుంది.

ఇంకో రూల్ కూడా ఉంది, ఇది చాలాచోట్ల ఉన్నదే. వెళ్లాలంటే విమానంలో ఉండే అందరూ సరేననాలి. వద్దనడానికి ఒక్కరు చాలు. నర్సుకి కడుపులో తేడాగా ఉన్నా సరే, కారణం చెప్పక్కర్లేదు. తర్వాత ఎవరూ దెప్పకూడదు. కాగితం మీద సులువుగానే ఉంటుంది గానీ, దెప్పకుండా ఉండటం నేర్చుకోడానికి మా అందరికీ చాలా టైమ్ పట్టింది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. తూర్పు ఆఫ్రికాలో ఆన్ స్పోరీ అని ఒక డాక్టర్ ఉండేవారు. నలభై దాటాక విమానం నడపడం నేర్చుకుని, తనే నడుపుకుంటూ ఊరూరా వైద్యం చేశారు, ముసలితనం దాకా. 1999లో పోయారు. డాక్టరూ ఆవిడే పైలటూ ఆవిడే అయితే ఎవరి దగ్గర ఏం దాస్తాం? నిజమే. కాకపోతే ఆవిడ పనిలో ఎక్కువభాగం ముందే అనుకున్న రోజుకి అనుకున్న ఊళ్లో పెట్టే క్లినిక్‌లు. టీకాలు, గర్భిణుల పరీక్షలు, కంటిజబ్బులు. ఈ వారం మబ్బుంటే వచ్చే వారం. చెప్పాలంటే మా దగ్గర కూడా ఎక్కువమంది ప్రాణాలు నిలబెట్టేది ఆ రకం విసుగు ట్రిప్పులే. అత్యవసరం అనే మాట వినగానే అందరూ లేచి నిలబడతారు, టీకాల పెట్టె దగ్గర నేనొక్కదాన్నే ఉంటాను.

ఆ టీకాల పెట్టె గురించి కూడా చెప్పాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట మండే ఎండ చూసి అందరూ వేడికే భయపడతారు. నా టెన్షన్ మాత్రం చలి గురించి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌లు అలాగే పెట్టేస్తే పక్కనున్న ధనుర్వాతం టీకా, హెపటైటిస్ బి టీకా గడ్డకట్టి చెడిపోతాయి. కరిగాక చూస్తే మామూలుగానే కనిపిస్తాయి, అదే ప్రమాదం. అందుకని ప్యాక్‌లు బయట పెట్టి, చెవి దగ్గర ఊపి, లోపల నీళ్లు గలగలమన్నాకే పెట్టెలో సర్దుతాను. ఈలోగా ఇంజిన్ స్టార్ట్ చేస్తామని పైలట్ కేకేస్తుంది. కేకెయ్యనీ. సీసా మీద చిన్న వలయం, లోపల చదరం ఉంటాయి. చదరం రంగు ముదిరి వలయంతో కలిసిపోతే వేడికి చెడిందని అర్థం. చలికి చెడితే చెప్పే గుర్తు ఆ సీసా మీద లేదు. అనుమానం వస్తే ఊపి చూడాలి. గడ్డకట్టి కరిగిన మందు పక్కన పెడితే తొందరగా అడుక్కి పేరుకుంటుంది.

కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్‌కి కూడా ఇదే చల్లదనం కావాలి. అదే పని చేస్తూ వేడికి తట్టుకునే కార్బెటోసిన్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మా పెట్టెల్లోకి అది వచ్చిన రోజు నేను స్వీట్లు పంచాను. పైలట్‌కి ఎందుకో అర్థం కాలేదు.

'ఇదంతా డ్రోన్లు చేసేస్తున్నాయిగా' అంటారు. కొంత చేస్తున్నాయి, మంచిదే. రువాండాలో 2016 నుంచి రక్తం సంచులు డ్రోన్లతో వెళ్లి పారాచూట్‌తో దిగుతున్నాయి. నా పెట్టెలు కూడా అలా వెళ్తే నాకు సంతోషమే. ఉద్యోగం పోతుందన్న భయం వాలంటీర్లకి ఉండదు. స్ట్రెచర్ మీద మనిషిని మాత్రం ఇంకా ఎవరో ఒకరు వెళ్లి తేవాలి.

తెచ్చాక? దీని గురించి ఎవరూ రాయరు. కాలు విరిగిన మనిషిని తేవడానికి డబ్బులిచ్చే దాతలు దొరుకుతారు. నయమైన మనిషిని ఇంటికి పంపడానికి దొరకరు. అది అత్యవసరం కాదు కదా. ఆస్పత్రి వెనక వసారాలో అలా వారాల తరబడి ఉండిపోయేవాళ్లుంటారు. ఇంటికి నడిచి వెళ్లాలంటే రోజులు పడుతుంది, అదీ ఆపరేషన్ కుట్లతో. ఏ స్ట్రిప్‌కి ఖాళీ సీటు దొరుకుతుందో అని నేను రోజూ లిస్టు పట్టుకుని తిరుగుతాను. చనిపోయినవాళ్లని ఇంటికి చేర్చడం ఇంకా కష్టం. పెట్టె బరువు కూడా తూకమే. ఏడుస్తున్న వాళ్ల ముందు శవపేటికని కాటా మీద పెట్టించాలి. చుట్టూ మగవాళ్లని నిలబెట్టి కాటా కనపడకుండా చేస్తాం.

ఈమధ్య కొందరు కుర్ర పైలట్లు రాస్తున్నారు, 'అక్కా, నేనూ వాలంటీర్‌గా రావచ్చా' అని. కమర్షియల్ లైసెన్స్ చేతికొచ్చి, రెండొందల గంటల అనుభవంతో, గంటలు పెంచుకునే చోటు వెతుక్కుంటున్నవాళ్లు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ కొండ స్ట్రిప్ నేర్చుకునే చోటే గానీ మొదటిసారి తప్పు చేసే చోటు కాదు. మా దగ్గర కొత్త పైలట్‌ని పాత పైలట్ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో స్ట్రిప్ విడిగా చూపించి, విడిగా పాస్ చేస్తారు. ఒక స్ట్రిప్‌కి పాసైతే పక్క లోయ స్ట్రిప్‌కి పాసైనట్టు కాదు. అన్నిటికన్నా ముందు వాళ్లు చూసేది, వద్దని వెనక్కి తిరిగి వచ్చాడా లేదా అని. ట్రైనింగ్‌లో ఒక్కసారి కూడా వెనక్కి తిరగని మనిషిని మా పైలట్ ఆవిడ పాస్ చెయ్యదు.

నిజానికి మాకు పైలట్ల కరువు అంతగా లేదు. ప్రతి 100 గంటలకీ ఇంజిన్ మూత విప్పి చూడాలి. గులకరాళ్లకి ప్రొపెల్లర్ అంచులు సొట్టలు పడుతుంటాయి, ఆ సొట్టలు ఆకురాయితో నున్నగా తియ్యాలి. గడ్డీ బురదా బ్రేకుల్లో ఇరుక్కుంటాయి. లైసెన్సున్న ఇంజనీర్ సంతకం పెట్టకపోతే విమానం కదలదు. పోయిన నెల విమానం బాగానే ఉండి, పైలట్ సిద్ధంగా ఉండి, ఆకాశం నిర్మలంగా ఉండి, సంతకం పెట్టే మనిషి లేక రెండు రోజులు ఆగిపోయాం. పిస్టన్ ఇంజిన్లు చూసిన అనుభవం ఉన్న ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాకు మెసేజ్ పెట్టండి. భోజనం, వసతి మావే. జీతం ఉండదు. వచ్చిన రోజు కాటా ఎక్కాలి, పనిముట్ల పెట్టెతో సహా.